బెల్లం రంగు చూసి కొన్న లెన్సు

కిందటి వారం మా అక్క మనవరాలు లిఖిత విశాఖపట్నం నుంచి వచ్చింది. చెప్పులు విప్పుతూనే సంచిలోంచి ఒక కెమెరా తీసి నా ఒళ్లో పెట్టింది. ఎవరో వాడి అమ్మేసినది చవగ్గా దొరికిందట. కెమెరా అయితే ఉంది గాని దానికి లెన్సు లేదు. ఉన్న డబ్బులకి ఒక్క లెన్సే వస్తుందట. ఆ ఒక్కదాంతోనే మనుషుల మొహాలు అందంగా రావాలట, ఊళ్లూ వీధులూ జాతరలూ కూడా రావాలట. ఫోన్లో దీని గురించి చెప్పినవాళ్లందరి మాటలూ వినేసింది, విన్నకొద్దీ ఎటూ తేల్చుకోలేకపోయింది. అందుకని అనకాపల్లిలో ఇన్నేళ్లు ఫొటో స్టూడియో నడిపి, ఇప్పుడు పని లేక జ్ఞాపకాలు రాసుకుంటున్న నా దగ్గరికి వచ్చింది. నేను దానికి ఒక్క మాటలో జవాబు చెప్పెయ్యొచ్చు. కానీ సరిగ్గా ఇదే ప్రశ్న నా చిన్నతనంలో మా ఇంట్లోనూ ఒకసారి లేచింది. అప్పుడు జవాబు చెప్పింది మా నాన్న. మా నాన్నకి కెమెరాల గురించి బొత్తిగా ఏమీ తెలియదు. అయినా ఆయన తన పద్ధతిలో, ఎంతో నమ్మకంతో ఒక లెన్సు ఎంచాడు. ఆ లెన్సు మా అక్క పెళ్లిని ఏం చేసిందో రెండు వైపుల చుట్టాలూ ఇప్పటికీ చెప్పుకుంటారు. లిఖితకి మాత్రం వాళ్ల నాయనమ్మ ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదట. చెప్పి ఉండదు.

మా నాన్నకి బెల్లం మార్కెట్లో కమీషన్ కొట్టు ఉండేది. బుచ్చయ్యపేట వైపు రైతులు బళ్ల మీద తెచ్చిన దిమ్మల్ని వరసగా పేర్పించి, రంగు చూసి, ఇది ఫలానా రకం అని తేల్చడం ఆయన పని. దిమ్మ మూల చిన్న ముక్క గిల్లి, ఎండకేసి ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. తర్వాత వేళ్ల మధ్య నలిపేవాడు, వాసన చూసేవాడు, ఆఖరికి నాలిక మీద వేసుకునేవాడు. లేత బంగారు రంగులో మెరిస్తే అది మొదటి రకం. ఈ చూపు ఆయనకి కొట్టుతో ఆగేది కాదు. ఇంట్లో నెయ్యినీ, తేనెనీ, కాఫీనీ, చివరికి మా అక్కని చూడ్డానికి వచ్చిన పెళ్లికొడుకునీ ఆయన ఒక కన్ను మూసే చూశాడు. సాయంత్రం ఆయన కన్నా ముందు బెల్లం వాసన గుమ్మంలోకి వచ్చేది, ఆయన వెనక చీమలు వచ్చేవి. ఆయన చొక్కా దండెం మీద వేస్తే తెల్లారేసరికి దాని మీద చీమలు బారు కట్టి ఉండేవి. అమ్మ మంచం కోళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టేది, ఆయన బట్టలు విడిగా నానబెట్టేది. విలువైనది ఏదైనా సరే చెమ్మ తగలకుండా బియ్యం డబ్బాలో పూడ్చేది. అక్క గొలుసు, ఇంటి దస్తావేజు, నా మార్కుల కాగితం, అన్నీ ఆ బియ్యంలోనే ఉండేవి. అందుకని రోజూ అన్నం వండేముందు ఆమె బియ్యంలో రాళ్లతో పాటు మా ఆస్తులు కూడా ఏరుకోవాల్సి వచ్చేది.

ఆ రోజుల్లో మా మేడ మీద వాటాలో ఒక బ్యాంకు ఆఫీసరు అద్దెకుండేవాడు. ఆయన బదిలీ మీద వెళ్తూ తన కెమెరాని నాకు ఇచ్చేశాడు. లెన్సు లోపల బూజు పట్టి తెల్లగా అయిపోతే దాన్ని ఆయనే పారేశాడు, పెట్టె మాత్రం బాగుంది. నేను ఇంటర్ అయ్యి ఖాళీగా ఉన్నాను. ఆ పెట్టెని మెడలో వేసుకుని, లెన్సూ లేదు ఫిల్మూ లేదు, వీధిలో కనిపించిన ప్రతివాణ్ణీ ఫొటో తీసేవాణ్ణి. లోపల ఆ చప్పుడు వినిపిస్తే చాలు, నాకు కడుపు నిండిపోయేది. నాకు ఫొటోగ్రాఫర్ కావాలని ఉండేది. నాన్నకి నన్ను కొట్టులో కూచోబెట్టాలని ఉండేది. ఇంతలో అక్క పెళ్లి కుదిరింది, పగటి ముహూర్తం. అమ్మ నా తరఫున ఏం రాయబారం నడిపిందో గాని, ఒకరోజు భోజనాల దగ్గర నాన్న విషయం తేల్చేశాడు. లెన్సు కొనిపెడతాడు, కానీ ఒక్కటే. అక్క పెళ్లి ఫొటోలు నేనే తీయాలి, ఇంకెవర్నీ పిలవడు. అవి బాగుంటే నా దారి నాది. బాగోకపోతే కెమెరా బియ్యం డబ్బాలోకి, నేను బెల్లం కొట్టులోకి. నేను ఆనందంతో ఆ పూట మజ్జిగ పోసుకోవడం మర్చిపోయి లేచాను.

విశాఖపట్నంలో జగదాంబ సెంటర్ దగ్గర ఒక సందులో, వాడిన కెమెరాలు అమ్మే కొట్టుకి ఇద్దరం వెళ్లాం. కొట్టాయన ఓపికస్తుడు. మొహాలు రావాలి, మిగతావన్నీ రావాలి, ధర మాకు అందేలా ఉండాలి అని నేను చెప్పగానే, మరో ఆలోచన లేకుండా యాభై నంబరు లెన్సు తీసి బల్ల మీద పెట్టాడు. చిన్నది, అరచేతిలో ఇమిడిపోయేది. కంటికి కనిపించినట్టే ఫొటోలోనూ కనిపిస్తుంది, వెలుగు తక్కువ ఉన్న గదిలో కూడా పనిచేస్తుంది, ముందుకి వెళ్తే మొహం వస్తుంది, నాలుగడుగులు వెనక్కి వేస్తే ఇల్లంతా వస్తుంది అని నిదానంగా వివరించాడు. నేను తలూపుతున్నాను. నాన్న ఆ లెన్సు పట్టుకుని గుమ్మం దగ్గరికి నడిచాడు. ఎండకేసి ఎత్తి పట్టి, ఒక కన్ను మూశాడు. గాజు మీద నీలం రంగు మెరిసింది. చెడిపోయిన సరుకుని చూసిన మొహం పెట్టి దాన్ని వెనక్కిచ్చేశాడు.

"రంగు నేదు బాబూ. ఇంకేటున్నాయో సూపించు," అన్నాడు.

కొట్టాయన పాపం లోపల్నుంచి ఇంకో రెండు తెచ్చాడు. వాటిలో ఒకటి పొడుగు లెన్సు, దాని నంబరు నూట ముప్ఫై అయిదు. దూరంగా ఉన్నవాళ్లని దగ్గరగా చూపిస్తుంది, మొహాలకైతే దీన్ని మించింది లేదు, కానీ అన్నిటికీ ఇదొక్కటే అంటే కష్టపడతారు, చాలా దూరం జరిగి తీయాలి, అని ఆయన చెప్తూనే ఉన్నాడు. నాన్న అప్పటికే గుమ్మం దగ్గరున్నాడు. ఎండ తగలగానే ఆ గాజు లోపల లేత బంగారు రంగు తళుక్కుమంది. నాన్న మొహం వికసించింది. అరచేతిలో వేసి బరువు చూశాడు. అది యాభైకి మూడింతలుంది, ధర మాత్రం దాదాపు అంతే. వేలితో గాజు మీద రాశాడు. వాసన చూశాడు. ఇక నాలిక మీద పెట్టుకుంటాడేమోనని నేను కళ్లు మూసుకున్నాను, కొట్టాయన కూడా ఒక చెయ్యి ముందుకి చాపాడు. "ఇదీ సరుకంటే. ఈ రంగు మనూరి మార్కెట్లో ఎప్పుడో గాని తగల్దు," అని నాన్న తీర్పు చెప్పేశాడు. నేనూ వద్దనలేదు. అంత పొడుగు లెన్సు మెడలో వేలాడుతుంటే పేపరు వాళ్లలా కనిపిస్తానని నా ఆశ.

ఇంటికొచ్చి మొదటి ఫొటో అమ్మది తీద్దామని వంటింట్లో నిలబెట్టాను. కనుబొమల నుంచి గడ్డం దాకా వచ్చింది, అంతే. వెనక్కి జరిగితే గోడ తగిలింది. హాల్లోకి వెళ్లి, అక్కణ్ణుంచి వాకిట్లోకి వెళ్లి చూస్తే నడుం దాకా వచ్చింది. పాదాలు రావాలంటే నేను మెట్లు దిగి వీధిలో నిలబడాలి. నలుగురు కలిసి కూచుంటే ఎదురింటి వాళ్ల అరుగు ఎక్కాలి. అమ్మ వెనక ఉన్న గోడా తలుపూ దండెం అన్నీ మసక మసగ్గా కరిగిపోయి, అమ్మ ఒక్కతే గీసినట్టు స్పష్టంగా కనిపించింది. నాకు అది అద్భుతంగా తోచింది. అమ్మ మాత్రం, మొన్నే సున్నం వేయించిన గోడ కనిపించకపోతే ఇంక ఫొటో ఎందుకని అడిగింది. నాన్న వేలి ముద్రలో బెల్లం ఉన్నట్టుంది, ఆ లెన్సుని దాచాక బియ్యం డబ్బాలోకి కూడా చీమలు వచ్చేశాయి.

అసలు గండం గోడ కాదు, కాళ్లు. అప్పట్లో మా వైపు ఇళ్లల్లో తల నుంచి ఛాతీ దాకా మాత్రమే ఉండే ఫొటోలు ఎవరివంటే పోయినవాళ్లవి. పెద్దాయన కాలం చేస్తే ఉన్న ఫొటోలోంచి మొహం పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, దండ వేసి గోడకి తగిలించేవారు. బతికున్న మనిషి ఫొటో అంటే కుర్చీలో కూచుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కాళ్లకి చెప్పులతో సహా రావలసిందే. కాళ్లు రాని ఫొటో ఎంత బాగున్నా అపశకునమే. అందుకే పెళ్లికి ఫొటో అంటే చుట్టాలు ముందు చెప్పులు కొనుక్కునేవారు. పెళ్లికొడుకు మేనమామ నాతవరం నుంచి వచ్చాడు, పెద్ద రైతు, ఆయన మాటంటే వాళ్ల వైపు అందరికీ హడలు. ఆయన కిర్రుమనే కొత్త తోలు చెప్పులు వేసుకుని, హాల్లో కుర్చీ వేయించుకుని, ఊపిరి బిగబట్టి కూచున్నాడు. హాల్లో నాకు ఎంత వస్తుందో మీకు తెలుసు. ఆయన చెప్పులు కాస్త ముందుకి జరిపి నా వైపు చూసి సరేనన్నట్టు తలూపాడు. నేను నొక్కాను.

ముహూర్తం వేళకి నేను ఎదురింటి అరుగు మీద ఉన్నాను. నాకూ పందిరికీ మధ్యన వీధి, వీధిలో మేళం, మేళం పక్కన ఎవరిదో ఎద్దుబండి. అక్క తల మరీ దించేసుకుని కూచుంది. తలెత్తమని నేను కేక వేశాను. ఆ మాట అరుగు మీంచి మేళం వాళ్లకి, మేళం వాళ్ల నుంచి పందిట్లో వాళ్లకి చేరి, చివరికి పురోహితుడు తలెత్తి నా వైపు చూశాడు. మళ్లీ కేక వేస్తే పెళ్లికొడుకు చూశాడు. తాళి కట్టే సమయానికి అక్షింతలు వేయడానికి జనమంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. నాకు వీపులు వచ్చాయి. చాలా స్పష్టంగా, ఒక్కో కుట్టూ లెక్కపెట్టుకునేటంత బాగా వచ్చాయి. అప్పటికి నాకు కొట్టులో గద్దె కళ్ల ముందు కనపడసాగింది. ఇంక చేసేదేమీ లేక మేడ మీదికి ఎక్కి, పిట్టగోడ వెనక నిలబడి, కింద ఎవరు కనిపిస్తే వాళ్లని తీసుకుంటూ పోయాను. అంత దూరంలో ఉన్నవాణ్ణి ఎవరూ పట్టించుకోలేదు. ఆవులించేవాళ్లు, చంటిపిల్లకి పాలపీక నోట్లో పెట్టేవాళ్లు, అరిసె సగం కొరికి సగం కొంగులో కట్టేవాళ్లు, అందరూ నా దగ్గరికి వచ్చేశారు.

పెరట్లో వంటల దగ్గర అమ్మ పులిహోర కలుపుతోంది. మా అమ్మ నవ్వేటప్పుడు తప్పకుండా పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఇంట్లో మాకు ఆ నవ్వు చప్పుడు తెలుసు గాని నవ్వే మొహం తెలియదు. ఎందుకని అడిగితే, నవ్వితే బాగోదురా అనేది. ఆ వేళ పక్కనున్న ఆడవాళ్లలో ఒకావిడ ఏదో అంది. పెళ్లికొడుకు మేనమామ చెప్పుల చప్పుడు గురించేనట, తర్వాత తెలిసింది. అమ్మ చేతులు రెండూ ముంజేతుల దాకా పసుపు అన్నంలో ఉన్నాయి. చెంగు అందలేదు. తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వేసింది. నేను కూడా పైనుంచి నవ్వుతూనే నొక్కాను. అదృష్టం కొద్దీ చెయ్యి కదల్లేదు.

ఫొటోలు కడిగించుకు వచ్చిన రోజు వియ్యాలవారు కూడా వచ్చారు. నాతవరం ఆయన ముందు తన ఫొటో ఏదని అడిగాడు. చూశాడు. మీసం, కండువా, ఛాతీ, వెనకంతా పొగలాంటి మసక. చెప్పులు లేవు, కాళ్లు లేవు, కుర్చీ కూడా లేదు. ఆయన భార్య ఒక్కసారి చూసి నోట్లో చెంగు కుక్కుకుని ఏడుపు మొదలెట్టింది. ఆయన మా నాన్న వైపు తిరిగి, కోపం కన్నా భయం ఎక్కువగా ఉన్న గొంతుతో, "ఏటి బావా ఇది, మీవోడు నన్ను బతికుండగానే గోడకెక్కించేసేడు," అన్నాడు. మిగతావాళ్లవి తిరగేస్తే అందరిదీ అదే గతి. మా రెండు వంశాల పెద్దలందర్నీ నేను ఒకే ముహూర్తానికి స్వర్గానికి పంపించినట్టయింది. తాళి కట్టే ఫొటో అని వీపుల ఫొటో చూపిస్తే అక్క అత్తగారు ఇందులో మా అబ్బాయి ఎవరని అడిగింది. నాన్న అందర్నీ బతిమాలి, పెళ్లి బట్టలు మళ్లీ కట్టించి, వచ్చే ఆదివారం ఒక స్టూడియోకి తీసుకెళ్లి, కొబ్బరిచెట్లు వేసిన పరదా ముందు అందర్నీ పాదాలతో సహా తీయిస్తానని మాటిచ్చాడు. లిఖిత వాళ్ల ఇంట్లో గోడకి ఇప్పటికీ ఉన్నది ఆ ఫొటోయే. అందులో వాళ్ల నాయనమ్మ మొహం మిరియాల కషాయం తాగినట్టు ఎందుకుందో లిఖిత ఇప్పుడు తెలుసుకుని పడీ పడీ నవ్వింది.

లిఖితకి చెప్పవలసింది నేను చెప్పేశాను. యాభై కొను అన్నాను. నీ కెమెరాలో అది కాస్త పొడుగు లెన్సులా దగ్గరగా చూపిస్తుంది, రెండడుగులు వెనక్కి వేసుకో, ఎదురింటికి మాత్రం వెళ్లక్కర్లేదు అన్నాను. వెనకంతా మసగ్గా వస్తుందా అని అడిగింది, వస్తుందన్నాను. అప్పుడు మేం గోడ కనపడలేదని కొట్టుకున్నాం, ఇప్పుడు వీళ్లు గోడ కనపడకుండా ఉండడానికి డబ్బు పోస్తున్నారు, ఫోన్లో దానికి ఒక మీట కూడా ఉంది. కాళ్లు లేవని ఏడ్చేవాళ్లు ఎవరూ లేరు. ఆ మధ్య పాస్‌పోర్టు ఫొటోకి వచ్చిన ఒక ముసలావిడ తప్ప స్టూడియోలో నన్ను పాదాల గురించి అడిగినవాళ్లు లేరు. అప్పట్లో ఫొటో అంటే బిగుసుకుపోయేవాళ్లు, ఇప్పుడు ఫోను పైకి లేవగానే అందరూ ఒకేలా నవ్వుతారు, అది దించగానే ఆ నవ్వూ దిగిపోతుంది. నాకైతే రెండూ ఫొటో మొహాలే అనిపిస్తాయి. ఇన్నేళ్లలో వేల మందికి నవ్వమని చెప్పాను, చెప్పినందుకు వాళ్లు నవ్వారు, నాకు తృప్తిగా అనిపించినవి మాత్రం తక్కువ.

వియ్యాలవారు వెళ్లిపోయాక ఆ సాయంత్రం నాన్న ఒక్కడే నేల మీద కూచుని ఫొటోలన్నీ మొదట్నుంచి చూడ్డం మొదలుపెట్టాడు. నేను ద్వారం దగ్గర నిలబడ్డాను. తీర్పు ఏమిటో నాకు తెలుసు, ఆయన నోటితో అనడమే మిగిలింది. అమ్మ వంటింట్లో ఉంది, గిన్నెల చప్పుడు కూడా రావడం లేదు. ఆయన ఒక్కొక్కటీ చూసి పక్కన పెడుతున్నాడు. ఒక ఫొటో దగ్గర ఆగిపోయాడు. నేను మెడ చాపి చూస్తే అది పులిహోర గంగాళం ముందు అమ్మ నవ్వు. ఆయన కళ్లు రెండూ తెరిచే చూస్తున్నాడు.

"ఇన్నేళ్లు కాపరం సేసేను. దీనికి ముందు పళ్ల మజ్జిన ఈ సందుందని నాకు తెల్దురా," అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

ఆ ఫొటో తీసి చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టాడు. తర్వాత నా వైపు చూశాడు. అది తన దగ్గర ఉంటుందట, ఇంట్లోకి ఇంకోటి కావాలట. "మళ్లీ మీ అమ్మ ఇలా నవ్వినప్పుడు తియ్యి. అది తీసేకే కొట్టుకి రా," అన్నాడు. నేను ఇంక అయిపోయిందనే అనుకున్నాను, ఒక ఫొటో ఎంతసేపు, రేపటికల్లా తీసెయ్యనూ, ఎల్లుండి నుంచి బెల్లం వాసన.

మర్నాడు పొద్దున్నే కెమెరా తీసుకుని పెరట్లో అమ్మకి ఎదురుగా కూచున్నాను. అమ్మ అంట్లు తోముతూ మొహం కంచు బొమ్మలా బిగించుకుని ఉంది. నేను తెలిసిన వేళాకోళాలన్నీ చెప్పాను. నాతవరం ఆయన నడకని నడిచి చూపించాను. పెదవి కూడా కదల్లేదు. నాన్న చొక్కా తొడుక్కుని వచ్చి, మా ఇద్దర్నీ కాసేపు చూసి, ఇంకా అవలేదా అని అడిగి, కొట్టుకి వెళ్లిపోయాడు. ఆయన చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా అమ్మ చెవి అటే ఉంచింది. తర్వాత తడి చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని నా మొహంలోకి చూసి నవ్వింది. చెంగు ఎత్తలేదు. ఆ పళ్ల సందు, కళ్ల కొసన నీళ్లు, అన్నీ ఉన్నాయి. నేను గబగబా కెమెరా కంటికి ఎత్తాను.

"దించీరా నాయినా. తీసేవంటే రేపు కొట్టుకెల్లాల," అంది.

నేను కెమెరా దించాను. ఆ తర్వాత ఆమె బతికున్నన్నాళ్లూ, నేను స్టూడియో పెట్టాక కూడా, మా అమ్మ నా కెమెరా ముందు ఒక్కసారి కూడా నవ్వలేదు.